ఫ్రీజర్లో పెట్టిన తమలపాకు తీగ

నిరుడు ఈ పరాయి దేశంలో, బుకిట్ బటోక్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న శ్రీకాకుళం మనిషి ఒళ్లో, నల్లగా కమిలిన తమలపాకు తీగ కుండీ ఉంది. కోల్డ్ స్టోరేజీలో పనట. ఇన్‌స్పెక్షన్ వస్తోందని సూపర్‌వైజర్ ఇతను ఆరుబయట పెంచుకుంటున్న కుండీని ఫ్రీజర్ గదిలో దాయించాడట.

“చచ్చిపోయింది కదా, పారెయ్,” అన్నాను.

“సూడకుండా సచ్చిపోనాదంటారేటి సార్?” అని కస్సుమన్నాడు. బొటనవేలి గోటితో కాడ గీరాడు. లోపల పచ్చగా ఉంది. “నల్లాకులు ఇప్పుడే తుంచకండి. నీడన ఎట్టి, మన్ను తడారితేనే నీళ్లు పొయ్యండి. సిగురు అదే ఏస్తాది.”

కుండీ నా ఒళ్లో పెట్టేశాడు. అదే ఫ్రీజర్లో అతని వేళ్లు మొద్దుబారాయని, డాక్టరుకైనా చూపించకుండా మర్నాడే కంపెనీవాళ్లు ఇంటికి విమానం ఎక్కిస్తున్నారట.

తీగ ఇప్పుడు మా కారిడార్ రెయిలింగ్ ఎక్కేసింది. ఆకు కోసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆ వేళ్లు పట్టుకుని చూసినవాడు ఒక్కడూ లేడు. నేనూ చూడలేదు.