మామ, నిమ్మకాయ, పరలోకపు యాజకుడు

ఆ రోజుల్లో నాకు మీసమూ విశ్వాసమూ ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. రెండింటినీ నలుగురికీ కనబడేలా పెంచుకోవాలన్న తొందర కూడా ఉండేది. నాకు జరిగిన అన్యాయాలను రోజువారీగా రాసిపెట్టుకోవడం మాత్రం అంతకుముందునుంచీ ఉన్న అలవాటు. ఎనభైల నాటి ఆ రాతల్లో మా మామ (అమ్మకు అన్న, తమిళనాట ధర్మపురి బస్టాండు దగ్గర పప్పుల వ్యాపారి) మీద ఉన్న ఫిర్యాదులివి. ఆయుధపూజ మరునాడు: నా సైకిలు సామాన్ల అంగడికి ఇస్తానన్న గది ఇవ్వనన్నాడు. ఆ తరువాతి బుధవారం: తోటి వర్తకుల ఎదుట నన్ను ‘పరలోకం పార్టీ’ అన్నాడు. దీపావళికి ముందరి శుక్రవారం: ఎలుకల విషయమై అబద్ధమాడాడు.

గొడవకు మూలం మా కులంలోని ఒక ఆచారం. అయ్యోరు వచ్చి మంత్రం చదివి, గడప దగ్గర నిమ్మకాయ కోసి కుంకుమ అద్దనిదే ఎవరూ అంగడి తెరవరు. చదివిన అయ్యోరికి బియ్యం, పప్పు, కూరగాయలు చాటనిండా పెట్టి స్వయంపాకం ఇస్తారు. ఆ చాట ఖాళీ అయితేనే పని పూర్తయినట్టు. కొత్తగా క్రైస్తవ సభలో చేరిన నేను అదేమీ అక్కరలేదన్నాను.

“అంగడి తెరిచేదానికి అయ్యోరు వద్దంటావా?” అన్నాడు మామ.

“మాకు ప్రధాన యాజకుడు పరలోకంలో ఉన్నాడు మామా. దేవుని ముందర మా పక్షాన ఎప్పుడూ ఆయనే మాట్లాడతా ఉంటాడు.”

“ఆయప్పకి మన బస్టాండు తెలుసునా?”

(నేను బైబిలు తీసి వెతకబోయాను.) చివరకు మామ తీర్పు చెప్పాడు: “ఏ అయ్యోరైనా కానీ. చాట కాలీ అయితేనే గది చావి నీ చేతికి.” సామాను అప్పటికే ఇంటి వసారాకు చేరింది. గది దొరకకపోతే నేను మళ్ళీ మారండహళ్ళిలో చిన్నాన్న కూరగాయల మండీకి పోయి వంకాయల మూటలు కుట్టాలి.

శుక్రవారం పొద్దున బంధువులందరూ అంగడి ముందు నిలబడ్డారు, పెళ్ళికి కాదు, పంచాయతీకి వచ్చినట్టు. కంబైనల్లూరు నుంచి వచ్చిన మా సభ బోధకుడు, ఉపదేశి, అరవంలో ప్రార్థన చేశాడు. ఆమెన్ అనగానే అవ్వ (మామకు తల్లి) చాటను రెండు చేతులతో ఆకాశానికేసి ఎత్తింది.

“ఊఁ, మీ అయ్యోరిని చెయ్యి చాపమను.”

పదిన్నరకు రాహుకాలం; మామ మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. నేను గొంతు సవరించుకుని, ఆయన పుచ్చుకునే యాజకుడు కాడనీ, తన్ను తానే ఒక్కసారిగా, ఎప్పటికీ సరిపోయేలా అర్పించుకున్నాడనీ ఉపన్యసించాను. అవ్వ చేతులు వణుకుతున్నాయి.

“పుచ్చుకోకుండా పోయేవాడు ఏమి అయ్యోరు రా? మన వాకిటికి వచ్చినాయన ఒట్టి చేతులతో పోతే మనకి మర్యాదా?”

మామ నా చెవి దగ్గరికి వంగాడు. “మీ ఉపదేశియారునే ఎత్తుకొమ్మను. నేను చూడనట్టు ఉంటాను.”

ఉపదేశి ఇంట్లో ఆ బియ్యం పప్పులకు అవసరం ఉందని నాకు తెలుసు. ఆయన దానివైపు ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపాడు. “ఆ చోట నేను నిలబడకూడదు తమ్ముడూ. అది ఆయనది.” నా అంగడి అక్కడితో ముగిసిందనుకున్నాను.

అవ్వ మాత్రం ఆయనవైపు తిరిగింది. “మీ ఆయప్ప ఎప్పుడైనా ఆకలి చూసినాడా?”

“నలభై దినాలు చూసినాడమ్మా. మనకొచ్చే శోధన అంతా ఆయనకూ వచ్చింది. అందుకే మన బలహీనత ఆయనకి తెలుసు.”

“అది ముందే చెప్పకూడదా,” అని అవ్వ తిన్నగా పక్కనున్న భోజన హోటలుకు నడిచి, చాటను వంటాయన గంపలో బోర్లించింది. “ఈ పొద్దు మూటలు మోసేవాళ్ళకి వడ్డించు. ఎవరు పెట్టినారంటే, మా వాడి అయ్యోరు అని చెప్పు.” తిరిగి వచ్చి ఖాళీ చాటను మామ ముఖం ముందు తట్టి చూపింది. చుట్టాలు ఒకరినొకరు చూసుకున్నారు. మామ తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

తలుపు తీశాను. గడప లోపల కుంకుమ అద్దిన నిమ్మచెక్క ఉంది. ఇంకా తడి ఆరలేదు. మామ చప్పున దానిమీద పాదం మోపాడు.

“ఎలుకలు ఈడ్చుకొచ్చినాయి రా,” అన్నాడు.

మామ నాకోసం చుట్టాల ఇల్లిల్లూ తిరిగి, “వాడు చిన్నోడు, అడిగేది ఉంటే నన్ను అడగండి” అని బతిమాలాడని అవ్వ నాకు చాలా ఏళ్ళకు చెప్పింది. పైన ఒకాయన నా పక్షాన మాట్లాడుతున్నాడని బస్టాండంతా చాటినవాణ్ణి, కింద మాట్లాడిన మనిషిని గమనించనేలేదు. ఆ మీసాల కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

అయినప్పటికీ ఫిర్యాదు ఫిర్యాదే. మామ ఇప్పటికీ ఉన్నాడు, ఇప్పటికీ ఎలుకలనే అంటున్నాడు. ఆ రోజు తెల్లవారకముందే అయ్యోరిని పిలిపించి నా అంగడి తెరిపించారా లేదా? తెరిపించి ఉంటే, మా అవ్వ చేతులు అంతసేపు ఎందుకు వణకవలసి వచ్చింది? వీటికి లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందని ఇందుమూలంగా కోరుతున్నాను. ఆయనకు తెలుగు రాయడం రాదు గనుక అరవంలో రాసినా స్వీకరిస్తాను. నా భుజం తట్టి ఊరుకోవడం జవాబు కిందికి రాదు.