కరెంటు పోయినా లేవని బిడ్డ

"పిలిస్తే తిరగడం లేదత్తా. ఎనక నిలబడి ఎన్నిసార్లు పిలిచినానో. ఒకసారి తిరుగుతాది, ఒకసారి తిరగదు. దీనికి చెవులు వినిపించవేమో అని బయ్యంగా ఉండాది."

మగ్గాలు ఆడుతున్న గదిలో నిలబడి నేను గొంతు చించుకుని చెప్పిన మాట ఇది. దేవసేనత్త నా నోటివైపు చూసింది. "ఏమంటివి?" అంది. మళ్ళీ చెప్పాను. ఆమె మొహం మారిపోయింది. చేతిలోని నూలు కండెను కిందపెట్టి, ఉయ్యాల్లో నిద్రపోతున్న నా పాప మోనిషా మీదికి వంగింది.

దేవసేనత్త మా నాన్న చెల్లెలు. పళ్ళిపట్టుకు దగ్గర్లో, నేతగాళ్ళ వీధిలో ఆమె ఇల్లు. ముందు గదిలో నాలుగు మరమగ్గాలు, వెనక గదిలో వంట, నడుమ గుమ్మానికి ఉయ్యాల. మామ పోయాక ఆమే, కొడుకు గోకులే మగ్గాలు నడుపుకుంటున్నారు. నేను తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెబుతాను. నా భర్త సుందరరాజ్‌ది గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీ పని. మణవాళనగర్‌లో మా అద్దె ఇంట్లో పాపను చూసుకునేవాళ్ళు లేక, కాన్పు సెలవు అయిపోగానే అత్త దగ్గర వదిలాను. శుక్రవారం సాయంత్రం లోకల్ రైల్లో తిరుత్తణి, అక్కణ్ణుంచి బస్సు. ఆదివారం మళ్ళీ వెనక్కి. ఆసుపత్రిలో చెవుల పరీక్షకు రాయించుకున్నాను గాని పిలుపు రావడానికి ఇంకా వారాలు పట్టేలా ఉంది.

ఆ రోజు సెల్‌ఫోన్‌లో సద్దు కొలిచే యాప్ పెట్టుకుని మగ్గాల మధ్య తిరిగాను. ముల్లు తొంభై డెసిబెల్స్ దాటి ఊగుతోంది. ఎనభై అయిదు దాటితేనే చెవులకు చేటు. దారం అడగడానికి వచ్చిన పక్కింటి కస్తూరమ్మ నన్ను చూసి నవ్వింది.

"ఏం దేవసేనా, నీ మేనకోడలు మగ్గానికి జరం చూస్తా ఉండాదే! మాత్రలు కూడా తెచ్చినాదా?"

అత్త నవ్వలేదు. నంబరు చూపిస్తే తల ఊపింది. "సరి, తొంభై. ఇబ్బుడు ఏం చేస్తావు? మా మిషన్లు నిలిపితే ఎదురింటివి నిలుస్తాయా?"

అత్తకు మిషన్లంటే పగ లేదు. చేనేత గుంట మగ్గంలో కూర్చున్న రోజుల్ని గొప్పగా చెప్పేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. "కాళ్ళు చచ్చిపొయ్యేవి. వాళ్ళు కూచుంటే తెలుస్తాది," అంటుంది. గవర్నమెంటు ఇచ్చిన గ్రైండర్‌ను గుడ్డ కప్పి బిడ్డలా చూసుకుంటుంది. ప్రతి మిషన్నీ ఆమె అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: కావాలన్నప్పుడు దాన్ని నిలపగలమా? మిక్సీని నిలపగలం. ఫ్యాను కూడా అంతే. సెల్‌ఫోను నిలపగలం గాని మనుషులు నిలపరు. మరమగ్గాన్ని నిలిపితే పొయ్యి కూడా నిలిచిపోతుంది. ఇన్వర్టర్ ఎందుకు పెట్టించలేదని ఒకసారి అడిగాను. "కరెంటోళ్ళు నెలకొక దినం చెవులకు రెస్టు ఇస్తా ఉండారు. దాన్నీ పోగొట్టుకునేదా?" అంది.

గోకుల్‌కు పుట్టుకతోనే వినపడదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చాలా ఏళ్ళు తెలియలేదు. ఆ వీధిలో పిల్లలందరూ మగ్గాల సద్దులోనే పుట్టి, ఆ సద్దులోనే నిద్రపోతారు. వాళ్ళకు సద్దు జోలపాట లాంటిది. నిద్ర చెడేది అది ఆగినప్పుడే. కరెంటు పోగానే వీధి పొడుగునా ఉయ్యాలల్లో పిల్లలు లేచి ఏడుస్తారు. తల్లులు కండెలు పడేసి పరుగెత్తుతారు. గోకుల్ ఒక్కడే లేచేవాడు కాదు.

"బంగారు బిడ్డ అనిరి అందరూ," అని అత్త ఆ రోజు నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "కరెంటు పోయినా లేవడు, మా దేవసేన ఏం పున్నెం చేసినాదో అనిరి. నేనూ ఎగిరెగిరి పడినాను. దిష్టి తీసినాను ఆ బిడ్డకు, తెలుసునా? ఎంత నిదానస్తుడు అని దిష్టి తీసినాను!"

మాటలు రాకపోతే, మగపిల్లలకు ఆలస్యమవుతుందిలే అనుకున్నారు. బడిలో వేశాక టీచరమ్మ పిలిచి చెప్పింది. పెద్దాసుపత్రిలో, ఇంత ఆలస్యంగా తెస్తే ఎలాగమ్మా, మాట నేర్చుకునే వయసు దాటిపోయింది అన్నారట. చెవి మిషను ఇచ్చారు. అది ఇప్పటికీ సేమ్యా డబ్బాలో ఉంది.

నేను చదివిన సైన్సు ప్రకారం మగ్గం వల్ల బిడ్డ చెవిటిగా పుట్టదు. ఆ చెవుడు బయటపడకుండా దాచింది మాత్రం మగ్గమే. అత్తకు ఈ తేడా వివరించబోయాను. ఆమె వినిపించుకోలేదు, లేదా విననట్టు ఊరుకుంది. "రేపు సనివారం షట్‌డౌన్ అంట. కరెంటు పోతాది. ఉండి చూడు. మోనిషా లేస్తాదా లేదా," అంది.

శనివారం పొద్దున నేను నీళ్ళు కూడా తాగలేదు. మోనిషా పాలు తాగి నిద్రపోయింది. గోకుల్ మగ్గం పక్కన నిలబడి అయిపోయిన కండె తీసి కొత్తది వేస్తున్నాడు. అత్త మాకు వీపు పెట్టి, ఆపి ఉంచిన ఒక మగ్గంలో తెగిన పడుగు దారాలు ముడి వేస్తోంది. నేను వంటగది తలుపు దగ్గర నిలబడ్డాను. పాపకు నేను కనిపించకూడదు.

మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. మా ఇంట్లో, ఎదురింట్లో, వీధి చివర దాకా. చెవుల్లో ఏదో పొర ఊడినట్టయింది. ఎక్కడో ఒక సైకిలు బెల్లు వినిపించింది. వీధిలో ఒక బిడ్డ, తర్వాత ఇంకో బిడ్డ ఏడుపు అందుకున్నారు.

మోనిషా కదలలేదు.

తలుపు వదిలి ఒక అడుగు వేశాను. అంతలో ఉయ్యాల కొద్దిగా ఊగింది. పిడికిలి ఒకటి పైకి లేచింది. తర్వాత గొంతు పగిలేలా ఏడుపు.

ఆ ఏడుపు అంత హాయిగా ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. వెంటనే పోయి ఎత్తుకోలేదు. అత్త తిరిగి నా వైపు చూసి నవ్వుతుందని, "చూసినావా అమ్మే!" అంటుందని ఎదురుచూశాను.

అత్త తిరగలేదు.

ఉయ్యాలకు ఆమె వీపు బారెడు దూరం. పాప ఏడుస్తూనే ఉంది. అత్త వేళ్ళు తడబడకుండా దారం తర్వాత దారం ముడి వేస్తున్నాయి. కరెంటు పోయిన సంగతి మిగతా మగ్గాల అదురు ఆగడంతో ఆమె గ్రహించింది, అంతే. గోకుల్ తలెత్తి ఉయ్యాల వైపు చూశాడు. తెరుచుకున్న నోరు చూసి ఒక్క ఉరుకున వచ్చి పాపను భుజాన వేసుకున్నాడు. తర్వాత తల్లి భుజం తట్టాడు.

అత్త వెనక్కి తిరిగింది. ఏడుస్తున్న పాపను, నన్ను, మళ్ళీ పాపను చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు అర్థమైంది.

"ఎబ్బుడు లేచినాది?" అంది.

"ఇబ్బుడేనత్తా. దానికి వినిపిస్తా ఉండాది."

"దానికి వినిపిస్తా ఉండాది," అని నా పెదవులు చూస్తూ ఆమె అంది. "నాకే వినపడలా."

అన్నాళ్ళూ మాకెవరికీ అనుమానం రాలేదు. ఆ ఇంట్లో అందరూ అరిచే మాట్లాడతారు. అందరూ ఎదుటివాళ్ళ నోరు చూసే వింటారు. పాప ఏడ్చినప్పుడల్లా చూసుకున్నది ఆమె చెవులు కావు, గోకుల్ కళ్ళు. కండె మార్చిన ప్రతిసారీ వాడు ఉయ్యాల వైపు చూస్తాడని ఆ రోజే గమనించాను.

చెవుల్లో పెట్టుకునే బిరడాలు తెస్తానన్నాను. చెవి మిషను ఇప్పిస్తానన్నాను. "చెవిలో మిషను పెట్టుకొని ఈ మిషన్ల సద్దు ఇంకా గట్టిగా వినేదా? వాడు అందుకే తీసి డబ్బాలో ఏసినాడు," అంది. మగ్గాలు మానెయ్యమనడానికి నోరు రాలేదు. మానేసి ఏం తింటారో నాకూ తెలియదు.

గోకుల్ సెల్‌ఫోను గోడకు ఆనించి, తిరుత్తణిలోని స్నేహితుడికి వీడియో కాల్ చేసి చేతులతో ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. ఒడిలో మోనిషా ఆ చేతులనే చూస్తోంది. అత్త కొడుకును చూపించి, "నేనూ అది నేర్చుకోవాల ఇంక," అంది. ఆమె ఏడవలేదు. పాప బట్టలు మడతపెట్టి సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

"ఎందుకత్తా?"

"తీసకపో. గోకుల్ నీళ్ళకు పోయినబ్బుడు ఇది ఏడిస్తే? గొంతులో ఏదన్నా అడ్డం పడితే? ఉంచుకునేకి నాకేం ధైర్యం?"

పాల సీసా నేనే కడిగి సంచిలో పెట్టాను.

మధ్యాహ్నం దాటాక కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలయ్యాయి. బస్సు దాకా మోనిషాను ఎత్తుకుని వచ్చి, దాని చెంప మీద చెయ్యి పెట్టి, అత్త నాకు ఒక మాట చెప్పింది.

తర్వాత పాపకు పరీక్ష జరిగింది. ఇప్పటికి బాగానే ఉందన్నారు. ఆ "ఇప్పటికి" నన్ను వదలడం లేదు. అత్తను కూడా బలవంతంగా పిలిపించి చూపించాను. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలంటే సద్దుకు దూరంగా ఉండాలి అన్నాడు డాక్టరు. ఆమె సరేనని తల ఊపి, సాయంత్రం బస్సెక్కి మగ్గాల దగ్గరికే పోయింది. పాప ఇప్పుడు మా బడి పక్కన క్రెష్‌లో ఉంటోంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను సద్దు కూడా ఆగాలని ఇంట్లో ఇన్వర్టర్ తీయించేశాను. సుందరరాజ్ విసుక్కుంటాడు.

బస్సు దగ్గర అత్త చెప్పింది ఇది: "కరెంటు పోయినబ్బుడు దీపం కోసరం ఎతకద్దు. బిడ్డ ఎనకాలకు పో. అరిచి పిలవద్దు, మెల్లిగా పిలువు. తిరిగేదాకా నిలబడు."

నిన్న సాయంత్రం మా వీధిలో కరెంటు పోయింది. చీకట్లో గోడ పట్టుకుని మోనిషా వెనక్కి వెళ్ళి, మెల్లిగా పిలిచి, నిలబడ్డాను.