తీగ పీకినా వచ్చిన డ్రాయింగ్

ఎడారి దేశంలో, అల్ మవాలేలోని మా నిర్మాణ కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ తెరకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడేవి. కట్టింది గోదావరి వైపు నుంచి వచ్చిన మా డ్రాఫ్ట్స్‌మన్. ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజులవి. కన్సల్టెంట్ ఇంజనీరు సవరించిన డ్రాయింగులు తన మెషీన్‌లో పెట్టేవాడు. మేం ఒక కమాండు కొట్టి వాటిని దించుకుని, ప్రింటు తీసి, డ్రైవరుతో అల్ హైల్ సైట్‌కు పంపేవాళ్లం.

ఆ కమాండులో చిరునామా ముందు, ఫైలును ఏ పద్ధతిలో తేవాలో రాయాలి. దాన్నే ప్రోటోకాల్ అంటారు. మావాళ్లు రాసేవారు కాదు. ముందు ఈ పని చేసినాయన రాయలేదు కాబట్టి వీళ్లూ రాయలేదు. రాయకపోతే ప్రోగ్రాం ఏం చేస్తుందని నేను అడిగితే డ్రాఫ్ట్స్‌మన్ నవ్వాడు.

“డిఫాల్ట్ అని ఒకటుంటుందండీ. మనం చెప్పకపోతే అదే చూసుకుంటుంది.”

“ఆ డిఫాల్ట్ ఏమిటి?”

“రోజూ డ్రాయింగ్ వస్తోంది కదండీ హేతువాది గారూ. పనిచేసేదాన్ని కెలకడం ఎందుకు?”

“పనిచేయనిది తనే చెప్పుకుంటుంది. పరీక్షించాల్సింది పనిచేస్తున్నదాన్నే.”

నా యవ్వనం హేతువాద చర్చా వేదికల మీద గడిచింది. పైకి చెప్పిన మూఢనమ్మకంతో వాదించవచ్చు. ఎవరూ చెప్పకుండానే అందరూ ఒప్పుకున్నదానితో వాదించడానికి మనిషే దొరకడు. నిమ్మకాయ నాకు కోపం తెప్పించింది గానీ, భయం వేసింది మాత్రం ఈ డిఫాల్ట్‌ను చూసే.

మధ్యాహ్నం అందరూ తిండికి లేచినప్పుడు కంప్యూటర్ వెనక తీగ పీకేశాను. బయటితో సంబంధం తెగింది. అదే కమాండు కొట్టాను. ఏ తప్పూ చూపలేదు. డ్రాయింగ్ వచ్చింది.

వెనక నిలబడి చూస్తున్న డ్రాఫ్ట్స్‌మన్ పెరుగన్నం డబ్బా మూత తీయడం మరిచిపోయాడు.

ఎప్పుడో ట్రయల్ కోసం ఎవరో డిఫాల్ట్‌ను మా సొంత డిస్క్ మీదికి తిప్పి, కన్సల్టెంట్ మెషీన్ పేరుతోనే ఒక ఫోల్డర్ పెట్టి పోయారు. ప్రోగ్రాం అందులోని పాత డ్రాయింగునే తెచ్చి ఇస్తోంది. తీగ మళ్లీ పెట్టి, ప్రోటోకాల్ రాసి, అసలుది దించాను. తేడా బాల్కనీలో ఉంది. కొత్తదాంట్లో పై వరుస ఇనుము దాదాపు రెట్టింపు. గాల్లోకి చాచిన బాల్కనీని గోడకు పట్టి ఉంచేది ఆ వరుసే.

సైట్‌కు ఫోన్ చేశాను. ఫోర్‌మన్ కరీంనగర్ వైపు మనిషి.

“మొదటి బాల్కనీ పోసేశారా?”

“ఎప్పుడో పోసినం సారూ. కింద ఆసరా జాకీలు గూడ నిన్ననే తీసినం. మీరు పంపిన కాయితం లెక్కనే చేసినం. ఏమైంది?”

“మనుషులెక్కడున్నారు?”

“దాని కిందనే, అన్నం తింటున్నరు. ఈడ ఇంకెక్కడుంది నీడ?”

“లేపండి.”

“నడి అన్నంల లేపితె తిడతరు సారూ.”

“నన్ను తిట్టమనండి. ముందు లేపండి.”

రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరంగా ఆయన కేక. గిన్నెలు కదిలాయి, ఎవరో బూతు మాట అన్నారు, ఇంకెవరో నవ్వారు. నేను చెవి ఒగ్గింది మరో చప్పుడు కోసం. అది రాలేదు.

ఫోర్‌మన్ తిరిగొచ్చాడు. “అందరు ఎండల నిలవడ్డరు. ఇప్పుడేం జెయ్యాలె?”

“జాకీలు మళ్లీ పెట్టించండి.”

“పెడతం. కిందికి ఎవర్ని తోలమంటవు?”

నేను సైట్‌కు చేరేసరికి ఇద్దరు కింద ఉన్నారు, జాకీలు బిగిస్తూ, ఏదో పాట కూనిరాగం తీస్తూ. నేను పైకెక్కి చూశాను. బాల్కనీ గోడను ఆనిన చోట, ఈ చివర నుంచి ఆ చివరకు వెంట్రుకంత చీలిక. కింద ఉన్నవాళ్లకు అది కనిపించదు.