వంతపాట వాళ్ల పెదవులు

ఆ రోజుల్లో నాకు సంగీతమంటే కాసేపు నిద్ర. సూరత్‌లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మధ్య, పన్నెండు గంటలు తిరిగి, అద్దె గదిలో ఎనిమిది మంది నడుమ కాళ్లు ముడుచుకుని పడుకునే పంతొమ్మిదేళ్ల వాడికి అంతకన్నా గొప్ప కళ ఏముంటుంది? అక్కడి మా తెలుగు వాళ్లు ఏళ్ల తరబడి శ్రావణంలో జరిపే భజన ఉత్సవానికి మా మేనమామే పెద్ద గాయకుడు. వంతపాట వాళ్లను ఆ నెలంతా రెండు గంటలు ముందే వదిలేలా ఆయన సాంచెల యజమాని సేఠ్‌ను బతిమాలి ఒప్పించాడు. అది తెలిసిన రోజే నాలో గాయకుడు లేచి కూర్చున్నాడు. (అంతకుముందు నేను పాడింది బడిలో ప్రార్థన ఒక్కటే, అదీ చివరి వరసలో.)

"పాడొస్తదారా నీకు?" అన్నాడు మామ.

"ఎందుకు రాదు మామా!" అన్నాను. సాంచెల రొదకు ఆయన చెవులు అప్పటికే సగం పోయాయి కాబట్టి పరీక్ష పెట్టలేదు. సాధన అరగంట, మిగతా సమయం మండపం వెనక చాపల మీద గురక. ఉత్సవం రోజు మామ ముందు మైకు, వెనక మేం ఆరుగురం. నేను పెదవులు ఆడించాను, అంతే.

మరుసటి ఏడు సూరత్‌లోనే పుట్టి పెరిగిన మా వాళ్ల అమ్మాయి ఒకతె ఆ ఉత్సవం మీద డాక్యుమెంటరీ తీసింది. ఆదివారం మధ్యాహ్నం సలాబత్‌పురాలో ఒక హాల్లో వేశారు. మామ తెల్ల చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. తెర నిండా మా ఆరుగురి ముఖాలు వచ్చాయి. పాట శబ్దం తగ్గించి, 'వీళ్లంతా ప్రాణం పెట్టి పాడతారు' అని ఆ అమ్మాయి హిందీలో చెబుతోంది. కానీ మేం సాంచెల వాళ్లం. ఆ రొదలో మాట వినపడదు గనక పెదవులు చూసే మాట్లాడుకుంటాం. తెర మీద నేను పక్కనున్న మా బొంగురన్నతో అంటున్నాను: "ఇంకెన్ని చరణాలున్నయే? కాళ్లు గుంజుతున్నయి." అతని జవాబు: "అన్నం అయిపోతదేమో, జర చూడు." మిగతా నలుగురి కబుర్లూ అలాంటివే.

హాలంతా ఘొల్లున నవ్వింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను, మామ ముఖం చూసేదాకా. పెదవులు చదవడంలో ఆయన మా అందరికీ గురువు.

"గిన్నేండ్ల సంది నా యెనక అందరు పాడుతుండ్రనుకున్న. నేనొక్కన్నేనారా?" అన్నాడు మెల్లగా.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆయన లేచి అటూ ఇటూ చూసి, "గీ సంగతి సేఠ్‌కు చెప్పకుర్రి. ఆ రెండు గంటలు పోతయి. జర పండుకుంటుండ్రు గదా పోరగాండ్లు" అన్నాడు.

ఆ తర్వాతి ఉత్సవానికల్లా పాటలన్నీ నేర్చుకున్నాను. ఆయనకు నా నోరు కనిపించేలా పక్కగా నిలబడి, గొంతు చిరిగేలా పాడాను.

ఇప్పుడు మామ లేడు. మైకు ముందు నేను నిలబడుతున్నాను. నా చెవులూ మందగించాయి, పన్నెండు గంటల పని మాత్రం తగ్గలేదు. ఏటా సేఠ్ దగ్గరికి వెళ్లి, వంతపాట కుర్రాళ్లకు ఆ రెండు గంటలు అడిగి తెస్తాను. పాడేటప్పుడు వెనక్కి మాత్రం తిరిగి చూడను.