బుల్లెమ్మ దిద్దిన కళ్ళు

నరసరావుపేటలో గురునాథాన్ని ఎరగనివాళ్ళు లేరు. ఆయన పేరు ఎంతమందికి తెలుసంటే మాత్రం చెప్పలేను. అందరికీ ఆయన రాట్నం వడ్రంగి. స్టేషన్ దారిలో వినోదశాల పెట్టిన కొత్తలో రంగులరాట్నానికి పన్నెండు కొయ్యగుర్రాలు చెక్కింది ఆయనే. ఊళ్ళో తలుపులూ నాగళ్ళూ చేసేవాళ్ళకు కొదవ లేదు. గుర్రాన్ని చేసినవాడు ఈయనొక్కడే.

బొమ్మకు కళ్ళు దిద్దడం ఆఖరి పని. అంతవరకూ అది ఉత్త కొయ్యేనని వడ్రంగుల నమ్మకం. దేవుడి బొమ్మయితే ఆడవాళ్ళ చేత కళ్ళు పెట్టించనిచ్చేవారు కాదు. గుర్రాలకు అడ్డేముంది? ఆ పని భార్య బుల్లెమ్మకు అప్పగించాడు. ఆమె దిద్దిన కళ్ళు సూటిగా చూసేవి కావు. వీపెక్కిన పిల్ల ఎక్కడ పడుతుందోనని ఓరగా వెనక్కి చూస్తున్నట్టుండేవి. ఆ దంపతులకు పిల్లలు లేరు.

పందొమ్మిదివందల నలభైలో బుల్లెమ్మ విషజ్వరంతో పోయింది. నలభై రెండులో, యుద్ధం రోజుల్లో కిరసనాయిలు దొరక్క వినోదశాల మూతపడింది. అద్దాల గది, గ్రామఫోను పాట, శనగలమ్మే పాపమ్మ కేక, అన్నిటికీ కలిపి ఒక్క తాళం వేశారు. గురునాథం రోజూ సాయంత్రం ఆ గేటు దగ్గర కూర్చునేవాడు, సందుల్లోంచి గుర్రాలు కనిపిస్తాయని. నేను హైస్కూల్లో చరిత్ర చెప్పే పంతుల్ని. ఇంటికెళ్ళినా పలకరించే దిక్కు లేదు గనక నేనూ కూర్చునేవాణ్ణి.

ఒకరోజు నా పాండిత్యం చూపించాలని బుద్ధి పుట్టింది. పూర్వం గ్రీకు దేశంలో కుండలు చేసినవాళ్ళు వాటిమీద ‘ఫలానావాడు నన్ను చేశాడు’ అని రాసేవారని చెప్పాను.

“కుండ మాట్టాడటమేంది పంతులుగారూ!” అని చానాసేపు నవ్వాడు. “మా పనిలో పేరు చెక్కుకుంటే నలుగురూ నవ్వుతారు.”

చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, నేను అక్కడితో ఊరుకోలేదు. కొన్ని కుండల మీద చేసినవాడి పేరూ, బొమ్మలు వేసినవాడి పేరూ రెండూ ఉంటాయన్నాను.

గురునాథం నవ్వు ఆపేశాడు.

నలభై అయిదులో ఆ గుర్రాలను మాచర్ల వ్యాపారి ఈశ్వరయ్య కొన్నాడు, తిరునాళ్ళలో తిప్పుకోవడానికి. కొత్తగా రంగులు వేయమని గురునాథాన్నే పిలిచాడు. ఒళ్ళంతా వేస్తాను గానీ కళ్ళు ముట్టుకోనన్నాడు గురునాథం.

“పిల్లలు ముందు కళ్ళే చూస్తారయ్యా. మసకేసిన కళ్ళుంటే ఎవరెక్కుతారు? నీవల్ల కాకపోతే సత్తెనపల్లి నుంచి ఇంకోణ్ణి పిలిపిస్తా” అన్నాడు ఈశ్వరయ్య. అతని మాటలో తప్పు లేదు. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది.

గురునాథం రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మా ఇంటికొచ్చాడు.

“పరాయి చెయ్యి పడేకంటే నేనే చెరిపి మళ్ళీ దిద్దుతా. ఆ గ్రీకోళ్ళ లాగా రెండు పేర్లూ కాయితం మీద రాసియ్యండి. చూసి గుర్రాల పొట్ట కింద చెక్కుకుంటా” అన్నాడు.

ఆయనకు చదువు రాదు. ‘గురునాథం చేశాడు’ అని పైన, ‘కళ్ళు బుల్లెమ్మ దిద్దింది’ అని కింద, పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఏ వరుసలో ఎవరి పేరుందో వేలు పెట్టి రెండుసార్లు అడిగి వెళ్ళాడు.

గుర్రాలను బండ్లకెత్తే రోజు నేనూ వెళ్ళాను. బుల్లెమ్మ పెట్టిన చూపు తేవాలని ఎంత పాటుపడినా గురునాథానికి చెయ్యి తిరగలేదట. పన్నెండు గుర్రాలూ సూటిగా ముందుకే చూస్తున్నాయి. ఒకదాని పొట్ట కింద వంగి చూశాను. కొయ్యలోకి లోతుగా చెక్కిన ఒక్క వరుసే ఉంది, బుల్లెమ్మది. తక్కినవీ అంతే. నాకు ఏడుపొచ్చింది. అది కనపడకుండా కసురుకున్నాను.

“నీ పేరేదయ్యా?”

“నేనున్నా గదా పంతులుగారూ. ఎవరన్నా అడిగితే నోటితోనే చెప్తా.”

బండ్లు కదిలాయి. గురునాథం వాటి వెనకాలే ఊరి పొలిమేర దాకా నడిచాడు. దారి పొడుగునా జనం ఆగి ఆ గుర్రాలను చూశారు, ఎంత బాగున్నాయో అనుకున్నారు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు.