ఉష్ అంటే ఉరికిన నల్లోడు

ఈ ఉదయం మేడమీద నిలబడ్డ ఒక పెద్దమనిషి, చెత్త ఏరుకునే ఆమె మీదికి కింద గేటుకు కట్టిన తన కుక్కను ‘ఉస్కో’ అని ఉసిగొల్పి, ఆమె గోనెసంచి వదిలి పరుగెడితే నవ్వాడు. గొలుసు ఉంది, కరవలేదు కదా అన్నది ఆయన సమాధానం. ఆయనతో వాదించి ఇంటికి వచ్చేశాను. ‘ఉస్కో’ అన్న మాట వింటే నాకు నల్లోడు గుర్తొస్తాడు.

పెద్ద తుపాను మామిడితోటలను కూల్చేసిన ఏడాది, నేను విజయనగరంలో ఒక కళాశాలలో కొత్తగా పాఠాలు చెబుతూ, ఒక ఇంటి వెనుక వాటాలో అద్దెకుండేవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కనుక, లోకంలోని ప్రతి చిక్కుకూ ఎక్కడో ఒక పాఠం ఉంటుందని నమ్మేవాణ్ణి. ఊరి చివర కూలిన తోటలో, కాపలా పాకకు కట్టేసి వదిలేసిన నల్లకుక్కను విప్పి తెచ్చుకొని, నల్లోడని పిలుచుకున్నాను. తాడు మెడ కండలోకి దిగిపోయి ఉంది. పుల్లలు ఏరుకోవడానికి వచ్చే ఆడవాళ్ల మీదికి దాన్ని ఉసిగొల్పడం తోట యజమానికి కాలక్షేపమట. చెట్లు పడిపోయాక ఆయనకు కాపలాతో పని తీరిపోయింది. ముడి విప్పే తీరిక మాత్రం దొరకలేదు.

నల్లోడు నన్ను తన సొత్తనుకున్నాడు. పాలామె, గ్యాసు బండ తెచ్చే మనిషి, ఎవరు గేటు తాకినా నాకు అడ్డంగా నిలబడి ఎగబడేవాడు. ఒకనాడు ఇంటి యజమాని పంచె అంచు చిరిగింది.

“డిగ్రీ సదివినావు, కుక్కకి బుద్ధి సెప్పనేవేటి? ఇంకోపాలి ఎవల మీదకైనా ఎగబడితే గోనెలో కట్టి హైవే మీద ఒగ్గేస్తాను,” అన్నాడాయన. అనడమే కాదు, గోనె తెచ్చి గేటుకు తగిలించాడు.

నేను ఫోనులో విదేశీ శిక్షకుల వీడియోలు శ్రద్ధగా చూశాను. ఒకాయన పెదవుల మీద వేలు పెట్టి మెల్లగా శబ్దం చేస్తే ఆయన కుక్క బుద్ధిగా కూర్చునేది. నేనూ ‘ఉష్, ఉష్’ అని బుజ్జగించాను. నేనెంత మృదువుగా అంటే నల్లోడు అంత భీకరంగా దూకేవాడు.

అప్పుడు భావనపాడు నుంచి, చేపల బేరం చేసే మా పిన్ని ఎండు నెత్తళ్ల మూటతో నన్ను చూడవచ్చింది. గేటు బయటే నిలబడి నా విద్యంతా కాసేపు చూసింది.

“ఒరే, ఉస్సు ఉస్సని నువ్వే ఉసిగొలుపుతన్నావు. ఆడేటి సేస్తాడు? నువ్వు సెప్పిందే సేస్తన్నాడు.”

సిగ్గుపడవలసిన నాకు పట్టరాని కోపం వచ్చింది. నా మీద, నా వీడియోల మీద, ఆ శబ్దాన్ని వాడి ఎముకల్లోకి ఎక్కించిన ఆ తోట యజమాని మీద. ఆయన వదిలేసిన పనిని ఇన్నాళ్లూ నేను ముద్దుగా కొనసాగించాను.

పిన్ని వారం ఉంది. నన్నూ వాణ్ణీ గేటుకు దూరంగా గోడవార కూర్చోబెట్టి, నన్ను నోరు మూసుకోమంది. సందు మలుపులో మనిషి కనిపించగానే, వాడు మొరగకముందే ఒక నెత్తలి నేల మీద పడేది. మొరగకపోతే మర్నాడు రెండడుగులు ముందుకు. మొరిగితే మళ్లీ వెనక్కి. ఆమె వాడిన మాట ఒక్కటే, “సాల్లే.” ఆ మాటతో వాణ్ణి అంతకుముందు ఎవరూ తిట్టలేదు, ఉరకమనలేదు. ఆమె వెళ్లాక నెలల తరబడి నేనూ అదే చేశాను.

ఒక ఉదయం పాలామె లోపలికి వస్తుండగా ఇంటి యజమాని, వాడు మారాడో లేదో చూద్దామంటూ, ఆమె వైపు వేలు చూపి నల్లోడితో ‘ఉస్కో’ అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద చెయ్యి చేసుకునేవాణ్ణే. నల్లోడి కాళ్లు బిగుసుకున్నాయి, వీపు మీద రోమాలు లేచాయి. ఆమెను చూశాడు, నన్ను చూశాడు. “సాల్లే” అన్నాను. వాడు వణుకుతూ వచ్చి నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

పాలామె చెంబు దించి, యజమానితో నింపాదిగా అంది: “కుక్కకైతే బుద్ధొచ్చినాది బాబూ. తవరికే రావాల.”

ఆయన గేటుకు తగిలించిన గోనె తీసుకొని లోపలికి పోయాడు.

ఒక మనిషి నవ్వులాటకు నేర్పిన శబ్దాన్ని మరవడానికి నల్లోడికి ఆరు నెలలు పట్టింది. నేర్పినవాడికి అందులో ఒక్క పూట కూడా ఖర్చు కాలేదు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. ఆ కాలం ఎవరి ఆయుష్షులోంచి పోతుందో మాత్రం ఎవరూ అడగరు.