మా వైఫైలోకి వచ్చిపోయిన పేరులేని డివైజ్

దెయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. నా భయమంతా హ్యాకర్లంటేనే. ఆఫీసులో నేను చేసే పని కూడా అదే. కంపెనీ నెట్‌వర్క్‌లో ఎక్కడెక్కడ కన్నాలున్నాయో వెతికి వాటిని మూయిస్తాను. అందుకే కిందటి చలికాలం మా ఇంట్లో జరిగినదాన్ని చాలా రోజులు మామూలు హ్యాకింగ్‌గానే చూశాను. ఇప్పటికీ అలాగే చూడగలిగితే నాకు హాయిగా ఉండేది.

మేముండేది మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ఒక పాత అద్దె ఇంట్లో. మా ఆయన కిరణ్ కార్ల డిజైన్ ఆఫీసులో ఇంజినీరు. పాప మేధ రెండో తరగతి చదువుతోంది. నేను ఎక్కువగా ఇంటి నుంచే పని చేస్తాను.

జనవరిలో ఒక రోజు మీటింగ్ మధ్యలో వేళ్లు కొంకర్లు పోతుంటే లేచి చూశాను. ఇంటి వేడిని అదుపుచేసే గోడమీద థర్మోస్టాట్ ఆఫ్‌లో ఉంది. బయటేమో మంచు గడ్డకట్టి ఉంది. కిరణ్‌కి ఫోన్ చేశాను.

“హీట్ ఎందుకు ఆఫ్ చేశావ్?”

“నేనెందుకు చేస్తాను? ఆఫీస్‌లో ఉన్నా కదా!”

ఆన్ చేసి వచ్చి కూర్చున్నాను. మధ్యాహ్నానికి మళ్లీ ఆఫ్ అయింది.

ఆ థర్మోస్టాట్ వైఫై మీద నడిచేది. దాని యాప్‌లో చూస్తే, ఆఫ్ చేయమన్న కమాండ్ మా ఇంటి నెట్‌వర్క్ నుంచే వచ్చినట్టు ఉంది. రౌటర్ సెట్టింగ్స్ తెరిచాను. మా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ, థర్మోస్టాట్ కాక ఇంకేదో కూడా కనెక్ట్ అయి ఉంది. దానికి పేరు లేదు. ఏ కంపెనీ తయారుచేసిందో కూడా కనిపించలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. పదిమందికి జాగ్రత్తలు చెప్పేదాన్ని, నా ఇంట్లోకే ఎవరో దూరి హీటర్‌తో ఆడుకుంటున్నారు. పాస్‌వర్డ్ మార్చి, గుర్తుపెట్టుకోవడం నాకే కష్టమయ్యేంత పొడవుగా పెట్టాను. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లడానికుండే వేరే పాస్‌వర్డ్ కూడా మార్చాను. బటన్ నొక్కితే కనెక్ట్ అయ్యే సదుపాయం తీసేశాను. చుట్టాల కోసం పెట్టిన గెస్ట్ నెట్‌వర్క్ తీసేశాను. కొత్త అప్‌డేట్లన్నీ వేశాను. ఆ డివైజ్‌ని బ్లాక్ చేశాను.

మర్నాడు కాఫీ తాగుతుండగానే హీట్ ఆగిపోయింది. బ్లాక్ చేసిన డివైజ్ మళ్లీ లోపల ఉంది.

రెండు వారాలు ఇదే గొడవ. నేను ఆన్ చేయడం, అది ఆఫ్ చేయడం. స్వెటర్ మీద కోటు వేసుకుని మీటింగుల్లో కూర్చున్నాను. పాపకి తలనొప్పి మొదలైంది. పొద్దున్నే లేస్తూనే, “అమ్మా, నాకు హెడ్ హర్ట్ అవుతుంది” అని నా ఒళ్లో పడుకునేది. నాకూ తల దిమ్ముగానే ఉండేది. చలికి ఇల్లు ఇలా వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే జబ్బు చేయదా అనుకుని, ఆ కనిపించని మనిషిని ఇంకాస్త తిట్టుకున్నాను.

చివరికి విసుగెత్తి కొత్త రౌటర్ కొన్నాను. శనివారం పొద్దున ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి నేనొక్కదాన్నే సెట్ చేశాను. నెట్‌వర్క్‌కి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్. కిరణ్‌కి కూడా చెప్పలేదు. అప్పటికి మా ఫోన్లు గానీ, టీవీ గానీ ఇంకా దేన్నీ వైఫైకి కలపలేదు. ఊరికే ఒకసారి చూద్దామని జాబితా తెరిచాను.

ఆ డివైజ్ అందులో ఉంది.

వెంటనే బ్లాక్ చేశాను. కిరణ్‌ని పిలిచి చూపించాను. అతను, “థర్మోస్టాట్‌ని వైఫైకి అసలు కలపకు. అప్పుడు ఎవడొచ్చినా ఏం చేస్తాడు?” అన్నాడు.

అలాగే చేశాను. ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా గోడమీద చేత్తో హీట్ ఆన్ చేశాను. హమ్మయ్య అనుకుని వంటింట్లోకి వెళ్లాను. ఉల్లిపాయలు తరగడం పూర్తికాకముందే, కింద గ్యాస్‌తో ఇల్లు వేడిచేసే ఫర్నేస్ చప్పుడు ఆగింది. వచ్చి చూస్తే థర్మోస్టాట్ ఆఫ్‌లో ఉంది.

ఇక ఇది హ్యాకింగ్ కాదు, మిషనే పాడైంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త ఊరట కలిగింది. హీటింగ్ మెకానిక్‌ని పిలిపించి, థర్మోస్టాట్ మార్చేయమని అడిగాను. అతను అది బాగానే ఉందన్నాడు. ఎందుకైనా మంచిదని ఫర్నేస్ నడిపి చూస్తానని కింద బేస్‌మెంట్‌కి వెళ్లాడు. కొద్దిసేపటికే అతని చేతిలోని మీటరు కీచుమనడం పైకి వినిపించింది. మెట్లు ఎక్కుతూనే అరిచాడు.

“పాప ఎక్కడ? అందరూ బయటికి నడవండి. ఇప్పుడే!”

పాపని దుప్పటితో సహా ఎత్తుకుని కారులోకి పరుగెత్తాం. ఫర్నేస్ లోపలి రేకు పగిలి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తోందట. రంగూ వాసనా లేని విషవాయువు. హాల్లో దాన్ని పసిగట్టాల్సిన అలారం ఎప్పుడో కాలం చెల్లి పనిచేయడం మానేసింది.

“మీ తలనొప్పులు దీనివల్లే అయ్యుంటాయి. హీట్ రోజంతా ఆగకుండా నడిచి ఉంటే, నేను వచ్చేసరికి మీరు నాతో మాట్లాడే స్థితిలో ఉండేవాళ్లు కాదు” అన్నాడతను.

ఆసుపత్రిలో పాపకి ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి తేరుకుని ఆకలంది. దాని పక్కన కూర్చుని, నేను హీట్ ఎన్నిసార్లు ఆన్ చేశానో, అది ఎన్నిసార్లు ఆఫ్ చేసిందో లెక్కపెట్టుకున్నాను.

ఇంటి ఓనరు ఫర్నేస్ మార్పించాడు. కొత్త అలారాలు పెట్టించాడు. ఆ తర్వాత హీట్ తనంతట తాను ఎప్పుడూ ఆగలేదు. ఆ డివైజ్ మళ్లీ కనిపించలేదు.

ఆఫీసులో నా పాత రౌటర్, కొత్త రౌటర్ రెండూ మా టీమ్‌కి ఇచ్చాను. వారమంతా వెతికినా ఏమీ దొరకలేదు. ఫర్నేస్ వేడెక్కి దానంతట అదే ఆగి ఉండొచ్చని ఒకతను అన్నాడు. ఆగొచ్చు. కానీ గోడమీద థర్మోస్టాట్ సెట్టింగ్ ఆఫ్‌కి ఎలా మారుతుంది? వైఫై లేనప్పుడు ఎవరు మార్చారు? కొత్త రౌటర్‌ని తిరిగి తెచ్చి ఇంట్లో పెట్టాను.

కొన్నాళ్ల తర్వాత కిరణ్, “అది ఇంకా బ్లాక్‌లోనే ఉందా?” అని అడిగాడు. ఉందన్నాను. ల్యాప్‌టాప్ తెరిచి, నా ఉద్యోగానికే విరుద్ధమైన పని ఒకటి చేశాను. ఆ బ్లాక్ తీసేశాను.